ఏడో గ్లాసు

ఎగువన రాయగడ కొండల్లో వాన.
రాత్రి రెండింటికి నాగావళి
ఎర్రమట్టి జావలా పంపుహౌస్‌లోకి వచ్చింది.
దాలినాయుడు గారి ఫోను:
"అమ్మా, మీటరు ముల్లు చివరికంటా పోయింది.
ఎంత పటిక వెయ్యమంటావు?"

ఆరు గ్లాసులు వరసగా పెట్టాను.
ఆరు తెడ్లు, ఒకటే మోటారు.
పది, ఇరవై, ముప్ఫై, అలా అరవై దాకా.
ట్యూబులైటు చుట్టూ ఉసుళ్ళు.
మూడో గ్లాసులో ఒకటి పడి ఈదుతుంటే
వేలితో తీసి గోడకి అంటించాను.

తెడ్లు ఆగేదాకా నాకు పని లేదు.

ఈ మట్టి ఎందుకు దిగదు?
బరువుంది. కింద నేలా ఉంది.
కానీ ప్రతి రేణువు ఒంటిమీదా
నీరు చప్పుడు చెయ్యకుండా ఏదో చేస్తూ ఉంటుంది:
అంచున ఉన్న హైడ్రోజన్‌ని ఒక్కొక్కటే విప్పుకుపోతుంది,
వెనక ఒక లోటు మిగుల్తుంది.
పుస్తకంలో దాని పేరు రుణావేశం.

ఆ మాట విన్నరోజు క్లాసులో నాకు మా వీధి కనిపించింది.
అప్పున్నవాడు అప్పున్నవాడికి ఎదురుపడడు.
కిరాణాకొట్టు మలుపులో చూపు తిప్పుకుని
ఒకడు ఎడమకి, ఒకడు కుడికి.
జూట్ మిల్లు మూతపడ్డాక
మా నాన్న మూడేళ్ళు అలాగే తిరిగాడు,
ఎవరినీ తాకకుండా, ఎక్కడా కూచోకుండా.
అంత సన్నటిది ఒంటరిగా మునగను కూడా మునగలేదు.
నీళ్ళ చిన్నచిన్న తోపులే దాన్ని పైన ఆడిస్తాయి.
దిగాలంటే ఇంకొకటి వచ్చి అంటుకోవాలి.

పటిక మూడేసి ధనాలతో వస్తుంది.
వచ్చి ఒంటికి అతుక్కుంటుంది, లోటు పూడుస్తుంది.
నాలుగో గ్లాసులో మొదట ఏమీ లేదు,
తర్వాత నానిన అటుకుల్లాంటివి,
అవి ఒకదాన్నొకటి పట్టుకుని
నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, కిందికి.
పైన మిగిలిన నీళ్ళలోంచి
గోడమీది క్యాలెండరు అంకెలు చదివాను.

ఆరో గ్లాసు మాత్రం మళ్ళీ మసక.

"కొలత తప్పావేమో," అన్నారు దాలినాయుడు గారు.
తప్పలేదు.
అప్పు తీరాక కూడా పోస్తూపోతే
రేణువులన్నీ ధనవంతులే.
ధనమూ ధనమూ కూడా
ఒక అరుగుమీద కూచోవు.

ఫిల్టరు బెడ్లు కడిగే తవిటమ్మ
చీపురు గోడకానించి వచ్చి చూసింది.
"ఏటే గుంటా, మందెక్కువేస్తే మసకేసీసిందేటి?
మా యమ్మ ఒక్క గింజరగదీసేది.
కొలతా నేదు, గిలతా నేదు."
కొంగుముడి విప్పి చిల్లగింజ తీసింది,
గుమ్మం రాయిమీద నాలుగు చుట్లు అరగదీసి
తన స్టీలు గ్లాసులో నా ఏటినీళ్ళు పోసి కలిపింది.

ఆ గింజలోవి పొడుగాటి అణువులు.
ఒక చేత్తో ఒక రేణువునీ, ఇంకో చేత్తో ఇంకోదాన్నీ
పట్టుకుంటాయని చెప్పబోయాను.
ఆమె అప్పటికే బెడ్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

నాలుగున్నరకి డోసు చెప్పాను: నలభై.
పటిక నీళ్ళని పులుపెక్కిస్తుంది కనక
సున్నం కూడా చెప్పాను.
శ్రీకాకుళం ఇంకా నిద్ర లేవలేదు.

మాకు అక్కర్లేని వరదంతా
పాత వంతెన కింద నుంచి కళ్ళేపల్లి దాకా పోతుంది.
అక్కడ పటిక వేసేవాళ్ళెవరూ లేరు. ఉప్పుంది.
ఉప్పు అప్పు తీర్చదు, దాని నీడని కుదిస్తుంది.
ఇంతకాలం దూరం దూరంగా తిరిగినవి
అంత దగ్గరికొచ్చి, ఇక విడిపోలేక, మేట వేస్తాయి.
మొగ పూడిపోయిందనీ
తెప్ప అడుగు మట్టికి తగుల్తోందనీ
తవిటమ్మ కొడుకు ప్రతి కార్తీకంలోనూ తిడతాడు.

తెల్లారి ఆమె వచ్చి స్టీలు గ్లాసు చూసుకుంది.
నా నాలుగో దానంత తేట కాదు.
అడుగున వేలెడు ఎర్రటి బురద.
పైనీళ్ళు ఒంచుకుని తాగేసింది,
నేను వద్దనేలోపే.

గ్లాసులు కడిగాను. ఆరోదాని జిడ్డు త్వరగా వదల్లేదు.
రిజిస్టరులో ఆరు గడులే.
మార్జిన్లో పెన్సిల్‌తో రాశాను:
తవిటమ్మ, ఒక గింజ,
నాలుగు చుట్లు.